ఇంటర్నేషనల్ రిలేషన్స్ (ఐఆర్, అంటే అంతర్జాతీయ సంబంధాలు)లో విదేశీ మాస్టర్స్: చెన్నై, బెంగళూరుల్లో చదివే తెలుగు విద్యార్థులు ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

చెన్నైలో బీఏ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, బెంగళూరులో ఇంజనీరింగ్ చేసి దారి మార్చుకోవాలనుకునేవాళ్లు తరచూ అడిగే మాట ఇది: "ఐఆర్‌లో మాస్టర్స్‌కి బయటికి వెళ్లాలి, ఏ కన్సల్టెన్సీ మంచిది?" కన్సల్టెన్సీలకు బాగా తెలిసిన దారి కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌ది. జీఆర్ఈ స్కోరు, ఎనిమిది యూనివర్సిటీల జాబితా, అన్నింటికీ కలిపి ఒకటే ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకో చెప్పే వ్యాసం), ఆపైన లోను. ఐఆర్‌కి ఆ పద్ధతి పనికిరాదు. ఇక్కడ సీటు వచ్చేదీ పోయేదీ మీ రాతను బట్టి. చాలా కోర్సులు జీఆర్ఈ అడగవు. చదువయ్యాక ఉద్యోగం సంగతి కూడా పూర్తిగా వేరు. కన్సల్టెన్సీ సాయం వీసా ఫారాలకు తీసుకుంటే తీసుకోండి, కోర్సు ఎంపిక, ఎస్ఓపీ మాత్రం వాళ్ల చేతిలో పెట్టకండి.

ముందుగా ఒక అపోహ. ఐఎఫ్ఎస్ (భారత విదేశాంగ సర్వీసు)లో చేరడానికి ఈ డిగ్రీ అవసరం లేదు. అది యూపీఎస్సీ సివిల్స్ ద్వారానే, ఏ డిగ్రీతోనైనా రాయొచ్చు. విదేశీ మాస్టర్స్‌కి అదనపు మార్కులేమీ ఉండవు, పైగా రెండేళ్ల వయసు కరిగిపోతుంది. దౌత్యవేత్త కావడమే మీ లక్ష్యమైతే 40 లక్షల అప్పు చేసే ముందు ఇంట్లో కూర్చుని ఈ మాట తేల్చుకోండి. పరిశోధన సంస్థలు, అంతర్జాతీయ సంస్థలు, కంపెనీల్లో రాజకీయ రిస్కు అంచనా, జర్నలిజం, పీహెచ్‌డీ... వీటిలో ఏదైనా మీ గురి అయితే ముందుకు చదవండి.

దగ్గర ఉండాల్సినవి

- కనీసం మరో రెండున్నరేళ్లు చెల్లే పాస్‌పోర్టు, అందులో ఇంటిపేరు సరైన గడిలో
- టెన్త్ మెమో, ఇంటర్ లేదా ప్లస్ టూ మార్కులు, డిగ్రీ సెమిస్టర్ల వారీ ట్రాన్‌స్క్రిప్ట్
- చదివిన పేపర్ల సిలబస్ కాపీ, కాలేజీ ముద్రతో
- ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ స్కోరు
- సిఫారసు లేఖలు ఇచ్చే ఇద్దరు, అత్యవసరానికి మూడో వ్యక్తి
- మీరే రాసిన ఒక పరిశోధన వ్యాసం
- తల్లిదండ్రుల మూడేళ్ల ఐటీ రిటర్నులు, ఆస్తి పత్రాలు
- పద్దెనిమిది నెలల సమయం. సెప్టెంబర్‌లో క్లాసులు మొదలవ్వాలంటే అంతకుముందు ఏడాది మార్చిలోనే పని మొదలుపెట్టాలి.

1. పేరు సరిచేసుకోండి

తెలుగువాళ్లు ఇబ్బంది పడే మొదటి చోటు ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. చెన్నై కాలేజీ మార్కుల జాబితాలో అది ఒక్క పొడి అక్షరంగా మారుతుంది, కొన్నిసార్లు పేరు చివరికి జరుగుతుంది. పాస్‌పోర్టులో మొత్తం పేరంతా "గివెన్ నేమ్" గడిలో పడి "సర్‌నేమ్" ఖాళీగా ఉంటుంది. అలా ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (అసలు పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడికి వెళ్లాక బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అదే పేరు వెంటాడుతుంది.

పాస్‌పోర్టు రీఇష్యూకి సొంతూరు వెళ్లనక్కర్లేదు. ఇప్పుడుంటున్న చిరునామాకు రుజువు ఉంటే చెన్నైలో సాలిగ్రామం, అమింజికరై, తాంబరం సేవా కేంద్రాల్లో, బెంగళూరులో లాల్‌బాగ్, మారతహళ్లి కేంద్రాల్లో చేయించుకోవచ్చు. మార్కుల జాబితాలో పొడి అక్షరం మాత్రమే ఉంటే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.

సరిచూసుకోవడం ఇలా: పాస్‌పోర్టు, ఐఈఎల్‌టీఎస్ రిజిస్ట్రేషన్, యూనివర్సిటీ దరఖాస్తు, ఈ మూడింటిలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఐఈఎల్‌టీఎస్‌కి డబ్బు కట్టే ముందే పాస్‌పోర్టు పని పూర్తవ్వాలి.

2. దేశం కంటే ముందు ప్రశ్న ఎంచుకోండి

"ఐఆర్ అంటే ఇష్టం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. భద్రత, అంతర్జాతీయ రాజకీయ ఆర్థికం, శరణార్థులు, సముద్ర రాజకీయాలు, పర్యావరణ ఒప్పందాలు... ఒక్కొక్కటి ఒక్కో రకం కోర్సు. మీరు నిజంగా ఆరు నెలలు తవ్వగలిగిన ప్రశ్న ఒకటి కావాలి. దానికోసం ఉక్రెయిన్ దాకా పోనక్కర్లేదు. చెన్నైలో ఉన్నవాళ్ల చుట్టూనే బోలెడు ఉన్నాయి: కచ్చతీవు దీవిపై 1974, 1976 ఒప్పందాలు, పాక్ జలసంధిలో చేపల వేట తగాదా, తమిళనాడులోని శ్రీలంక తమిళ శరణార్థులు, 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకు వెళ్లిన శ్రీలంకలోని హంబన్‌టోట రేవు, విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళం. దరఖాస్తులు చదివేవాళ్లకు ఇండో పసిఫిక్ మీద పెద్ద పెద్ద మాటలు రోజూ కనిపిస్తాయి. రామేశ్వరం జాలరి సమస్యను ఒప్పందం పాఠంతో కలిపి చూడగలిగినవాళ్లు అరుదు.

3. కోర్సుల జాబితా వేయండి: ఆరు చాలు

బ్రిటన్: ఏడాది కోర్సు. మూడేళ్ల డిగ్రీతో సరిపోతుంది, మంచి ఫస్ట్ క్లాస్ ఉండాలి. ఎల్ఎస్ఈ, కింగ్స్ కాలేజీలో వార్ స్టడీస్, సోయాస్, ఇంకా 1919లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ రాజకీయాల విభాగం పెట్టిన ఆబరిస్ట్‌విత్. ఇబ్బంది ఏమిటంటే సెప్టెంబర్ చివర క్లాసులు మొదలైతే అక్టోబర్‌లోనే ఉద్యోగ దరఖాస్తులు మొదలుపెట్టాలి. ఊపిరి సలపదు. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది 18 నెలలే.

అమెరికా: రెండేళ్లు. జార్జ్‌టౌన్, జాన్స్ హాప్‌కిన్స్ సైస్, ఫ్లెచర్, కొలంబియా సీపా. ఇవి వృత్తి కోర్సులు, రెండు మూడేళ్ల పని అనుభవం ఉన్నవాళ్లకు మొగ్గు. మూడేళ్ల డిగ్రీని అన్నీ ఒప్పుకోవు, మెయిల్ రాసి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. అన్నింటికంటే ముఖ్యం సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ సబ్జెక్టు కిందకు వస్తుందో చెప్పే అమెరికా ప్రభుత్వ సంఖ్య. మామూలు ఐఆర్ కోడ్ 45.0901 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు. అంటే ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి) 12 నెలలే, కంప్యూటర్స్ చదివిన మీ అన్నయ్యకి వచ్చిన మరో 24 నెలలు మీకు రావు. అదే స్కూల్లో ఆర్థిక గణాంకాల వైపు ఉన్న కోర్సు స్టెమ్ కావచ్చు. కోర్సు పేరును నమ్మకండి, కోడ్ ఎంతో అడ్మిషన్ ఆఫీసును అడగండి.

యూరప్, సింగపూర్: ప్యారిస్ సియాన్స్ పో, జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్, బెర్లిన్ హెర్టీ స్కూల్, సింగపూర్ ఎన్‌టీయూలోని రాజరత్నం స్కూల్. యూరప్‌లో చాలా యూనివర్సిటీలు డిగ్రీలో ఇన్ని క్రెడిట్ల రాజనీతి శాస్త్రం చదివి ఉండాలని షరతు పెడతాయి. బీటెక్ వాళ్లు తప్పేది ఇక్కడే. ఫీజు కట్టే ముందు ఆ షరతు చదవండి.

ఎక్కడికి వెళ్లినా ఒకటి గుర్తుంచుకోండి. ఆ దేశపు విదేశాంగ, రక్షణ, గూఢచార ఉద్యోగాలు దాదాపుగా అక్కడి పౌరులకే. అందుకని కోర్సు పేజీలో ఉద్యోగాల జాబితా చూసినప్పుడు అవి తీసేసి మిగిలింది లెక్కపెట్టండి. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కి జీతం ఉండదు, న్యూయార్క్‌లోనో జెనీవాలోనో అద్దె మీదే.

4. ట్రాన్‌స్క్రిప్ట్, సిలబస్

కన్సాలిడేటెడ్ మార్కుల మెమో ట్రాన్‌స్క్రిప్ట్ కాదు. అటానమస్ కాలేజీ అయితే పరీక్షల కంట్రోలర్ ఆఫీసు ఇస్తుంది, మామూలు అనుబంధ కాలేజీ అయితే యూనివర్సిటీ ఇవ్వాలి, మద్రాస్ యూనివర్సిటీ వాళ్లకు చేపాక్‌లో. కనీసం ఐదు సీల్డ్ కవర్లు, ఒక స్కాన్ కాపీ తీసుకోండి. సెలవులు, పరీక్షల సీజన్ కలిస్తే వారాలు పడుతుంది, కనుక జూలైలోనే అడగండి.

పర్సంటేజీని మీరే నాలుగు పాయింట్ల సీజీపీఏగా మార్చి వేయకండి. దరఖాస్తులో ఉన్నదున్నట్టు వేసి స్కేలు 100 అని చూపించండి. సొంత లెక్క తేడా వస్తే తప్పుడు సమాచారం కింద లెక్క.

5. ఇంగ్లిష్ పరీక్ష, రెండో భాష

ఐఆర్‌కి సాధారణంగా ఐఈఎల్‌టీఎస్ 7 దాకా అడుగుతారు. చాలామంది మొత్తం బ్యాండ్ చూసుకుని సంబరపడతారు, కానీ చాలాచోట్ల నాలుగు విభాగాల్లోనూ విడివిడిగా కనీస స్కోరు ఉండాలి. మొత్తం 7.5 వచ్చి రైటింగ్‌లో 6.5 దగ్గర ఆగిపోవడం మామూలే. ఒక్క విభాగం మళ్లీ రాసే వీలుంది, కానీ అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

ఫ్రెంచ్ నేర్చుకుంటే ఈ రంగంలో నిజంగా అక్కరకొస్తుంది. చెన్నైలో నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో, బెంగళూరులో వసంత్ నగర్‌లో అలయన్స్ ఫ్రాంసైజ్ ఉంది. జర్మన్‌కి రెండు నగరాల్లోనూ గోథే ఇన్‌స్టిట్యూట్. ఏ1 (మొదటి స్థాయి) దగ్గర మొదలుపెట్టి బీ1 (మధ్య స్థాయి) దాటడానికి క్రమం తప్పకుండా చదివితే దాదాపు ఏడాది. ఏ1 సర్టిఫికెట్ ఒక్కటే రెజ్యూమెలో పెట్టి "ఫ్రెంచ్ వచ్చు" అని రాయకండి, ఇంటర్వ్యూలో రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

6. సిఫారసు లేఖలు

పేరున్న మనిషి కంటే మీ పేపరు దిద్దిన లెక్చరర్ మేలు. ఎమ్మెల్యేలు, రిటైర్డ్ అధికారులు రాసే లేఖలకు ఇక్కడ విలువ లేదు. ఇక దరఖాస్తు పోర్టళ్లు సంస్థ ఈమెయిల్ అడుగుతాయి. మన కాలేజీల్లో చాలామంది సార్లు, మేడమ్‌లు జీమెయిలే వాడతారు. రెండు నెలల ముందే అడిగి కాలేజీ డొమైన్ మీద ఈమెయిల్ తీయించమనండి. వీలుకాకపోతే లెటర్‌హెడ్, ముద్ర ఉండాలి, ఆ విషయం అడ్మిషన్ ఆఫీసుకు ముందుగా చెప్పాలి.

"నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతాను" అనడం మన దగ్గర మామూలు. దానికి ఒప్పుకోకండి. రెండు లేఖలూ మీ ఎస్ఓపీ భాషలోనే ఉంటే చదివేవాళ్లు పట్టేస్తారు. బదులుగా ఒక పేజీ ఇవ్వండి: మీరు వాళ్ల దగ్గర చదివిన పేపరు, వచ్చిన మార్కులు, క్లాసులో చేసిన ప్రజెంటేషన్, వెళ్లాలనుకునే కోర్సులు, గడువులు. దాన్ని చూసి వాళ్లే రాస్తారు.

7. ఎస్ఓపీ, రైటింగ్ శాంపిల్

ఉన్న సమయంలో సగం దీనికే పెట్టండి. ముందు శాంపిల్ (పైన జాబితాలో చెప్పిన పరిశోధన వ్యాసం) రాయాలి, తర్వాత ఎస్ఓపీ. చాలామంది తలకిందులుగా చేస్తారు. శాంపిల్ రాస్తేనే మీకేం తెలుసో, ఏం తెలియదో మీకు అర్థమవుతుంది.

ఎక్కువగా వచ్చే మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "చిన్నప్పటి నుంచి నాన్నగారితో కలిసి వార్తలు చూస్తూ ప్రపంచ రాజకీయాలపై ఆసక్తి పెంచుకున్నాను." ఈ వాక్యం ఎవరిదైనా కావచ్చు. దాని బదులు ఇలా మొదలైతే: "1974, 1976 ఒప్పందాలు సరిహద్దు గీత తేల్చాయి, శ్రీలంక 2017లో సముద్రపు అడుగును ఈడ్చే ట్రాలింగ్‌ని నిషేధించింది, అయినా అరెస్టులు ఆగలేదు. రాజధానుల మధ్య కుదిరిన ఒప్పందం తీరంలో ఎందుకు అమలుకాదన్నది నా ప్రశ్న." రెండు వాక్యాల్లో తేదీలు, చట్టం, సమస్య, మీ దృష్టి నాలుగూ వచ్చేశాయి. తర్వాతి పేరా: ఇప్పటిదాకా దీనిమీద ఏం చదివారు, ఎవరి వాదన ఒప్పుకోరు, ఎందుకు. ఆ తర్వాత: ఆ యూనివర్సిటీలో ఏ రెండు పేపర్లు, ఏ ప్రొఫెసర్ పని మీ ప్రశ్నకు పనికొస్తాయి. చివరిగా ఏ పని చేస్తారో. "దేశానికి సేవ" అని ఆపేయకండి, ఎలాంటి సంస్థలో, ఎలాంటి ఉద్యోగమో రాయండి.

బీటెక్ నుంచి వచ్చేవాళ్లు ఇంజనీరింగ్‌ని దాచకండి, క్షమాపణ చెప్పుకోకండి. సెమీకండక్టర్ల ఎగుమతి ఆంక్షలు, సముద్రగర్భ కేబుళ్లు, ఉపగ్రహ కక్ష్యల కేటాయింపు, ఈ ప్రశ్నలకు మీకున్న సాంకేతిక పునాది బీఏ వాళ్లకు లేదు. అదే చెప్పండి.

శాంపిల్ ఎంత ఉండాలో కోర్సు చెబుతుంది, ఎక్కువగా పది పదిహేను పేజీలు. ఒకే రకం ఫుట్‌నోట్ పద్ధతి మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. పత్రికా కథనాలే కాదు, ఒప్పందం పాఠం, పార్లమెంటు ప్రశ్నోత్తరాలు, విదేశాంగ శాఖ వార్షిక నివేదిక లాంటి మూలాలు ఉండాలి. ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం. ఏఐతో రాయించి పంపి ఒక్కసారి దొరికితే ఆ యూనివర్సిటీ తలుపు మూసుకుపోతుంది. ఇంటర్వ్యూలో మీ వ్యాసం గురించే అడుగుతారు కూడా.

బాగా వచ్చిందో లేదో చూడాలంటే ఈ సబ్జెక్టు తెలియని ఒకరికి ఇవ్వండి. చదివాక మీ ప్రశ్న ఏమిటో, మీ జవాబు ఏమిటో, ఈ యూనివర్సిటీయే ఎందుకో వాళ్లు మూడు వాక్యాల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే వాక్యాలు కాదు, నిర్మాణం మార్చాలి. ఇంకో పరీక్ష: యూనివర్సిటీ పేరు మార్చి చదవండి. ఏమీ తేడా రాకపోతే ఆ పేరా తీసేయండి.

8. స్కాలర్‌షిప్‌లు

వీటి గడువులు అడ్మిషన్ల కంటే ముందు వస్తాయి. చెవెనింగ్ (బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్) మామూలుగా ఆగస్టులో తెరుచుకుని అక్టోబర్, నవంబర్లకల్లా మూసేస్తారు. దానికి 2,800 గంటల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు తిరిగొచ్చి ఇండియాలో ఉండాలి. డిగ్రీ నుంచి నేరుగా వచ్చేవాళ్లు దానిమీద ఆశ పెట్టుకోవద్దు. ఇన్‌లాక్స్‌కి వయోపరిమితి ఉంది. జేఎన్ టాటా ఎండోమెంట్ ఇచ్చేది లోన్ స్కాలర్‌షిప్, తిరిగి కట్టాలి. సియాన్స్ పోలో యూరప్ బయటివాళ్లకు ఎమిల్ బూట్మీ ఉంది.

తెలంగాణ వాళ్లకు ఎస్సీ, ఎస్టీలకైతే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకైతే మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి. ఆంధ్రప్రదేశ్ వాళ్లు తమ సంక్షేమ శాఖ ఈ ఏడాది మార్గదర్శకాలు చూడాలి. రెండింటిలోనూ ఒప్పుకునే దేశాలు, సబ్జెక్టుల జాబితాలో మీ కోర్సు ఉందో లేదో ముందు చూడండి. చెన్నై, బెంగళూరు చిరునామాతో కుల, ఆదాయ ధ్రువపత్రాలు రావు, సొంత మండలం నుంచే తేవాలి. పండక్కి ఊరెళ్లినప్పుడే ఆ పని చూసుకోండి.

9. లోను

బ్యాంకులకు ఐఆర్ అంటే జంకు. తాకట్టు లేని లోన్లు ఎక్కువగా బ్యాంకు జాబితాలోని యూనివర్సిటీలకే, అందులోనూ టెక్నికల్ కోర్సులకే మొగ్గు. అందుకని ఆస్తి తాకట్టుకు సిద్ధపడి బయల్దేరండి.

ఇల్లు ఒంగోల్లో, మీరు చెన్నైలో ఉంటే లోను ఒంగోలు శాఖలోనే పెట్టండి. బ్యాంకు ప్యానెల్ లాయరు, వాల్యూయర్ ఆస్తి ఉన్నచోటే ఉంటారు. చెన్నై శాఖలో పెడితే ఫైలు రెండు ఊళ్ల మధ్య తిరుగుతూ నెలలు పోతాయి. రిజిస్ట్రేషన్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తిపై అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఇంటిపన్ను రసీదు, ప్లాను అనుమతి కావాలి. ఎక్కువగా ఆగిపోయేవి మూడు: అనుమతి లేని లేఅవుట్లో స్థలం, తాతగారి పేరు మీదే ఉండిపోయిన ఇల్లు, వ్యవసాయ భూమి. పొలాన్ని బ్యాంకులు సాధారణంగా తీసుకోవు. తాతగారి పేరు మీద ఉంటే వారసుల సంతకాలకే చాలా సమయం పడుతుంది, కనుక అడ్మిషన్ రాకముందే ఆ పని మొదలవ్వాలి. అమ్మానాన్నలకు ఐటీ రిటర్నులు లేకపోతే రిటర్నులు ఉన్న మేనమామో బాబాయో సహ దరఖాస్తుదారుగా ఉంటారేమో ముందే మాట్లాడుకోండి.

10. వీసా

బ్రిటన్: 2025 నవంబర్ నుంచి చూపాల్సిన జీవన ఖర్చు లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171, గరిష్ఠంగా తొమ్మిది నెలలకు. లండన్ అయితే 13,761 పౌండ్లు, దానికి కట్టాల్సిన ఫీజు కలపాలి. డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్కరోజు తగ్గినా తిరస్కరిస్తారు. నాన్నగారి ఖాతా చూపిస్తే మీ జనన ధ్రువపత్రం కావాలి. అందులో చాలామందికి బిడ్డ పేరే ఉండదు, తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగ్ వేరుగా ఉంటుంది. మున్సిపాలిటీలో దిద్దించుకోండి. గుర్తింపు ఉన్న క్లినిక్‌లోనే టీబీ పరీక్ష.

అమెరికా: ఐ 20 (యూనివర్సిటీ పంపే అడ్మిషన్ పత్రం) వచ్చాక 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకు), డీఎస్ 160 (వీసా దరఖాస్తు ఫారం). బెంగళూరులో 2025లో కాన్సులేట్ తెరిచినా వీసా ఇంటర్వ్యూలకు చెన్నై, హైదరాబాద్ లాంటి చోట్లకే వెళ్లాలి. చెన్నైలో జెమిని ఫ్లైఓవర్ దగ్గర ఇంటర్వ్యూ. వేలిముద్రలు అంతకుముందు వేరే కేంద్రంలో ఇవ్వాలి. ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ ఫారంలో రాయాలి. ఐఆర్ విద్యార్థులు రాజకీయాలపై రాస్తూనే ఉంటారు కదా అని ఒక ఖాతా దాచకండి, దాచడమే అసలు తప్పవుతుంది.

ఫ్రాన్స్‌కి ముందు క్యాంపస్ ఫ్రాన్స్ (ఫ్రెంచ్ ప్రభుత్వ విద్యా సంస్థ) ప్రక్రియ, తర్వాతే వీసా. జర్మనీకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు పత్రాలు అసలైనవేనన్న ధ్రువీకరణ), బ్లాక్డ్ అకౌంట్ (నెలకు కొంతే తీసుకోగలిగే ఖాతా)లో ఏడాదికి 11,904 యూరోలు. స్విట్జర్లాండ్‌లో జెనీవా కాంటన్ (అక్కడి రాష్ట్రం) అనుమతి రావాలి, రెండు మూడు నెలలు పడుతుంది. వీసా ముద్ర పడకుండా విమానం టికెట్ కొనకండి.

11. డబ్బు పంపేటప్పుడు, తిరిగి వచ్చాక

సొంత డబ్బుతో ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే బ్యాంకు టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) పట్టుకుంటుంది. బ్యాంకు విద్యా రుణం నుంచి పంపితే 2025 ఏప్రిల్ నుంచి అది లేదు. పట్టుకున్నది రిటర్నులో తిరిగొస్తుంది, ఎవరి పాన్ మీద పంపారో వాళ్ల రిటర్నులోనే చూపాలి. ఫీజు గడువుకు వారం ముందు పంపండి.

తిరిగొచ్చి నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయాలన్నా, ఇక్కడ పీహెచ్‌డీ చేయాలన్నా ఏడాది మాస్టర్స్ చెల్లుతుందా అని అడుగుతుంటారు. బ్రిటన్ విషయంలో 2022లో రెండు ప్రభుత్వాల మధ్య పరస్పర గుర్తింపు ఒప్పందం కుదిరింది. ఇలాంటి ఒప్పందం లేని దేశాల డిగ్రీలకు యూజీసీ 2025 నిబంధనల ప్రకారం ఈక్వివలెన్స్ (ఇక్కడి డిగ్రీతో సమానమన్న ధ్రువపత్రం) తీసుకోవాలి. దానికి మీ కోర్సు సిలబస్, క్రెడిట్ల వివరాలు అడుగుతారు. చదువుతుండగానే వాటిని పీడీఎఫ్‌గా దాచుకోండి, కోర్సు అయ్యాక యూనివర్సిటీ లాగిన్ మూసేస్తారు.